అమ్మ టెన్షన్ చూసి బీఎడ్ మానేయాలా?

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. టీచర్ కావాలని చిన్నప్పటి నుంచి కోరిక. మా అమ్మ జెడ్పీ హైస్కూల్ హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయురాలు). ప్రమోషన్ వచ్చిన రెండేళ్లకే బీపీ వచ్చింది, రాత్రిళ్లు నిద్రపట్టదు. అన్నం కలుపుకున్నాక ఫోన్ మోగితే ఎడమ చేత్తో ఎత్తుతుంది. మాట్లాడి పెట్టేసరికి కంచంలో అన్నం ఎండిపోయి ఉంటుంది. బీఎడ్‌లో చేరాలంటే భయమేస్తోంది.
– ఒక విద్యార్థిని, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మగారు చివరిసారి మనసు పెట్టి పాఠం చెప్పిందెప్పుడో అడిగి చూడండి. చాలామంది హెచ్‌ఎంలు ఈ ప్రశ్నకు కాసేపు మాట్లాడలేరు. ఆమెను అలసిపోయేలా చేస్తున్నది పాఠం కాదు, ఆ కుర్చీ. హైస్కూల్లో పాఠం చెప్పే స్కూల్ అసిస్టెంట్‌కి గంట కొడితే క్లాసు అయిపోతుంది. హెచ్‌ఎంకి ఆ గంట లేదు. యూడైస్ (బడి వివరాల ఆన్‌లైన్ పోర్టల్) ఎంట్రీలు, హాజరు యాప్, మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క, బిల్లు రాలేదని అడిగే వంట మహిళలకు సమాధానం, పదో తరగతి ఫలితాలకు సంజాయిషీ. క్లర్కు లేని బడిలో ఆ పనీ ఆమెదే. కొందరికి వీటిపైన ఎంఈవో (మండల విద్యాధికారి) అదనపు బాధ్యత కూడా. ఇంత పని ఒక్క మనిషి మీద వేయడం అన్యాయం.

మీ సంగతికొస్తే, బీఎడ్‌లో చేరండి. రెండేళ్ల కోర్సు, టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో పేపర్-2, ఆపైన టీచర్ పోస్టుల భర్తీకి పెట్టే డీఎస్సీ రాస్తే స్కూల్ అసిస్టెంట్ కావచ్చు. బీఎడ్‌తో ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టుకు అర్హత లేదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది, ఆ ఆశ పెట్టుకోవద్దు. హెచ్‌ఎం ప్రమోషన్ మాట చాలా ఏళ్ల తర్వాతది. అప్పుడు వద్దనుకుంటే వదులుకోవచ్చు. అలా వదులుకుని, రిటైరయ్యే రోజు వరకు లెక్కలే చెప్పిన మాస్టార్లు నాకు తెలుసు.

అమ్మగారి విషయం మాత్రం వాయిదా వేయకండి. ముందు డాక్టరుకు చూపించండి, నిద్ర పట్టని సంగతి కూడా చెప్పించండి. ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని వారం రోజుల వాట్సాప్ మెసేజీలు చూడండి. హెచ్‌ఎమ్మే చేయాల్సినవెన్ని, సంతకం పెడితే చాలనేవెన్ని? గుడ్ల లెక్క ఒక టీచరుకి, ఆన్‌లైన్ ఎంట్రీలు కంప్యూటర్ బాగా వచ్చిన మరొకరికి స్టాఫ్ మీటింగ్‌లో రాతపూర్వకంగా అప్పగించమనండి. నోటిమాటగా చెబితే నాలుగు రోజుల్లో పని మళ్లీ ఆమె బల్ల మీదికే వస్తుంది. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ రాత్రి ఆమె అన్నానికి కూర్చోగానే ఆ ఫోన్ మీరు తీసుకోండి. "అమ్మ భోజనం చేస్తోందండీ, అరగంటలో తనే ఫోన్ చేస్తుంది" అనండి. ఆ ఫోన్ డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు నుంచి వచ్చినా సరే.