కందకం ఎవరి డబ్బు, తాళంచెవి ఎవరి చేతిలో?

ప్రశ్న: అప్పు చేసి పదకొండు ఊళ్లకు ఇంటర్‌నెట్ కనెక్షన్లు ఇస్తున్నాను. ఇప్పుడు ఒక పెద్ద సంస్థ ప్రభుత్వ రాయితీ తీసుకుని అవే ఊళ్లలో ఫైబర్ వేస్తోంది. నేను కట్టిన పన్నుతో నాకే పోటీ పెట్టడం ఏం న్యాయం?
– ఒక చిన్న సంస్థ యజమాని

జవాబు: మీ కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగం కోసం ఒక ఎదురు ప్రశ్న. ఆ పదకొండు ఊళ్లలో అన్ని ఇళ్లకూ మీ కనెక్షన్ అందుతుందా, రోడ్డు పక్క ఇళ్లకేనా? ఊరి చివరి ఇంటివారు అడిగితే ఏం చెప్పారు?

రాయితీ తగాదాలు మొదలయ్యేది ఎక్కడ సర్వీసు ఉందో, ఎక్కడ లేదో చూపే మ్యాపు దగ్గరే. అమెరికాలో చాలా ఏళ్లు, జనగణన బ్లాకులో (లెక్కల కోసం గీసిన చిన్న ప్రాంతంలో) ఒక్క ఇంటికి సర్వీసు ఉంటే చాలు, బ్లాకు మొత్తానికీ ఉన్నట్టే లెక్క రాసుకున్నారు. చిరునామాల వారీ మ్యాపు 2022 నవంబరులో గాని రాలేదు. ఐరోపా సంఘం 2009లోనే ప్రాంతాలను తెలుపు, బూడిద, నలుపు అని విడదీసింది. బ్రాడ్‌బ్యాండే లేని చోటు తెలుపు; అక్కడ రాయితీకి పెద్దగా అభ్యంతరం ఉండదు. ఒక్కరే ఉన్న చోటు బూడిద. అక్కడ గట్టిగా పరిశీలిస్తారు. ఇప్పటికే ఇద్దరు ముగ్గురు పోటీ పడుతున్నది నలుపు; ప్రభుత్వ డబ్బు అక్కడికి మామూలుగా వెళ్లకూడదు. ఆ లెక్కన మీవి బూడిద ఊళ్లు. రాయితీ ఖరారు చేయకముందు అభ్యంతరాలు కోరి ఉంటే మీరు రాశారా? నాకు తెలిసిన ఒకాయన అలాంటి నోటీసును విప్పకుండానే కరెంటు బిల్లుల కట్టలో పెట్టేశాడు.

ఇక మీ వైపు న్యాయం. ఫైబర్ చవక, కందకం ఖరీదు. ఇళ్లు దూరదూరంగా ఉన్న చోట కిలోమీటరు తవ్వినా వచ్చే చందాదారులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే మొదటివాడికి రాయితీ కావాలి. అందుకే రెండోవాడు తవ్వనే తవ్వడు. అంటే రాయితీ ఇవ్వడమంటే ఆ ఊరికి కొన్ని దశాబ్దాల పాటు ఒక యజమానిని నియమించడమే. కాబట్టి ప్రజల డబ్బుతో భూమిలో వేసిన కేబుల్ గొట్టంలో, ఫైబర్‌లో మిగతా సంస్థలకూ టోకు ధరకు చోటివ్వాలన్న షరతు తప్పనిసరి. ఐరోపా 2009 నిబంధనలు కనీసం ఏడేళ్లు ఇవ్వాలన్నాయి. న్యూజిలాండ్ అయితే, ఫైబర్ పథకంలో చేరాలంటే రెండుగా చీలాల్సిందేనని పాత టెలికాం సంస్థకు షరతు పెట్టింది. 2011లో అలా విడిపోయిన కోరస్ అనే సంస్థ తీగలు చూసుకుంటుంది, ఇళ్లకు నేరుగా కనెక్షన్లు అమ్మదు.

షరతు కాగితం మీద ఉంటే చోటు దొరికినట్టే అనుకోకండి. నేను పాతికేళ్లు పెద్ద సంస్థ వైపే పనిచేశాను. చిన్న సంస్థలు చోటు అడిగితే ‘గొట్టం నిండింది’ అని ఉత్తరాలు రాసింది నేనే. కొన్ని చోట్ల నిజంగానే నిండింది. కొన్ని చోట్ల మేం వెళ్లి చూడనే లేదు. సర్వే చేయాలని ఒకటి, మనుషులు ఖాళీగా లేరని ఇంకొకటి, ధర ప్రధాన కార్యాలయం నిర్ణయించాలని మరొకటి. ఉత్తరానికీ ఉత్తరానికీ మధ్య మూడు నెలలు. ‘చోటు ఇవ్వం’ అని ఎక్కడా రాయలేదు; అడిగినవాడే విసిగిపోయి మానుకున్నాడు.

అందుకే నియంత్రణ సంస్థకు రాసేటప్పుడు ‘నాకు అన్యాయం జరిగింది’ అని పేజీలు నింపకండి. టోకు ధరల పట్టిక బయటపెట్టారా, అడిగిన ఎన్ని రోజులకు జవాబివ్వాలి, గొట్టం నిండిందంటే మూత తీసి చూసేదెవరు అని అడగండి. చివరిదే అసలు ప్రశ్న. ఎవరో ఒకరు వచ్చి మూత తీస్తారని తెలిసి ఉంటే ఆ ఉత్తరాల్లో సగం నేను రాసేవాణ్ణి కాదు.

మీరే రాయితీ వేలంలో దిగుదామనుకుంటే ఒక్క మాట. తక్కువ రాయితీ కోరినవారికే పని దక్కే పద్ధతిలో అమెరికా 2020లో వేలం నిర్వహించింది. అందరికన్నా పెద్ద మొత్తం గెలిచిన సంస్థ దరఖాస్తును 2022 ఆగస్టులో తోసిపుచ్చారు. ఇచ్చిన మాట నెరవేర్చే స్తోమత చూపలేకపోయిందన్నారు. మోయగలిగినంతే ఎత్తుకోండి.

ప్రశ్న: రాయితీ సంస్థలకు కాకుండా నేరుగా వినియోగదారులకే ఇస్తే పోటీ దానంతటదే రాదా?
– ఒక కాలేజీ విద్యార్థిని

జవాబు: తీగలు ఇప్పటికే ఉన్న చోట వస్తుందమ్మా. అమెరికాలో అర్హులైన కుటుంబాలకు బిల్లులో నెలకు 30 డాలర్ల వరకు తగ్గించారు. రెండు కోట్లకు పైగా ఇళ్లు చేరాయి. ఇష్టమైన సంస్థను ఎంచుకునే వీలు వారిదే. కానీ తీగే లేని పల్లెకు అది బావి లేని ఊరికి చేద పంచినట్టు. పైగా నిధులు అయిపోయి 2024 జూన్‌లో ఆ పథకం ఆగిపోయింది. పూడ్చిన కేబుల్‌ను మాత్రం ఎవరూ తవ్వి తీసుకుపోరు.