ఆసుపత్రిలో చాప్లెయిన్ రాక: వద్దనవచ్చునా?

ప్రశ్న: క్యాన్సర్ ముదిరిన మా నాన్నగారు సికింద్రాబాద్‌లోని ఒక మిషన్ ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడి చాప్లెయిన్ (ఆసుపత్రి తరఫున రోగులను పలకరించే క్రైస్తవ మతసేవకుడు) రోజూ సాయంత్రం వచ్చి ఆయనతో చాలాసేపు మాట్లాడుతున్నారు. మేము హిందువులం కావడంతో బంధువులు అభ్యంతరపెడుతున్నారు. ఆయనను రావద్దనవచ్చునా?
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: నిరభ్యంతరంగా అనవచ్చును; కాని అనవలసినవారు మీ బంధువులు కారు, మీరూ కారు, స్పృహలో ఉన్నంతవరకు మీ నాన్నగారే. రోగులకూ వారి కుటుంబాలకూ కష్టకాలంలో మానసికంగా, ఆధ్యాత్మికంగా ఆసరాగా నిలవడమే చాప్లెయిన్ బాధ్యత. మతం మార్పించడం అందులో భాగం కాదు, రోగి సమ్మతి లేనిదే ప్రార్థన చేయకపోవడం ఆ వృత్తి మర్యాద. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను (అవసానదశలోని రోగుల సంరక్షణాలయాన్ని) నెలకొల్పిన డాక్టర్ సిసిలీ సాండర్స్, మరణం సమీపించిన రోగి బాధ శరీరానికే పరిమితం కాదనీ, మనోవ్యథ, కుటుంబ చింత, ఆధ్యాత్మిక వేదన కూడా అందులో కలిసే ఉంటాయనీ బోధించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాలియేటివ్ కేర్‌కు (తీవ్రమైన జబ్బులో రోగి బాధను తగ్గించే సంరక్షణకు) ఇచ్చిన నిర్వచనంలోనూ ఆధ్యాత్మిక సమస్యలకు చోటుంది. కూతురి ముందు పైకి అనలేని భయాన్ని, ఏళ్లనాటి అన్నదమ్ముల తగవును తండ్రి ఒక పరాయి మనిషికి సులువుగా చెప్పుకోగలరు (అభ్యంతరపెట్టే బంధువులలో అంతసేపు కూర్చుని వినేవారు ఎందరో నాకు సందేహమే).

నాన్నగారిని ఏకాంతంగా అడగండి. వద్దంటే వార్డు సిస్టరుకు తెలియజేస్తే చాలు. రావాలంటే బంధువులకు సర్దిచెప్పవలసింది మీరే. విష్ణుసహస్రనామం వినాలని ఆయనకు ఉంటే ఆ మాట చాప్లెయిన్‌తోనే చెప్పి, వీలైన సమయం అడగండి. నాన్నగారు మగతలో ఉండగా ఎవరైనా ఒత్తిడి చేస్తే మాత్రం సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.