కార్లైల్ వాతావరణం గురించి బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో "మామయ్యా, ఇంగ్లండ్‌లో చలి బాగా ఉంటుందా" అని అడిగావు కదా, దానికి ఊఁ అని ఊరుకుంటే నీకేం లాభం, అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఇక్కడ ఏ నెల అని అడిగే ముందు ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) అని అడగాలి. నీ హాస్పిటల్ ఉన్న కార్లైల్ కంబ్రియాలో, పడమటి వైపు. నీ ఫ్రెండ్ వెళ్ళే కాల్చెస్టర్ ఎసెక్స్‌లో, తూర్పున. వాన ఎక్కువగా అట్లాంటిక్ మీంచి నైరుతి గాలితో వస్తుంది, ఆ మబ్బులు లేక్ డిస్ట్రిక్ట్ కొండలకి తగిలి అక్కడే కురిసేస్తాయి, సీత్‌వెయిట్ అనే పల్లెలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైనే పడుతుంది. తూర్పుకి చేరేసరికి ఇంక వాటిలో ఏం మిగలదు, ఎసెక్స్ తీరంలో 500 చిల్లర, అంటే ఇంచుమించు మన అనంతపురం లెక్క. పడమటి కనుమలు రాయలసీమకి చేసే పనే ఇక్కడ ఈ కొండలు చేస్తున్నాయి. కాకపోతే ఇక్కడ వాన ఏడాదంతా తుంపర తుంపరగా పడుతుంది, అందుకని ఎసెక్స్ వాళ్ళు కూడా వానని తిట్టుకుంటూనే ఉంటారు.

నువ్వు దిగేది జనవరిలో. కార్లైల్‌లో అప్పుడు ఎనిమిదిన్నరకి తెల్లారుతుంది, నాలుగయ్యేసరికి పొద్దు వాలిపోతుంది, లాంగ్ డే డ్యూటీ పడిందంటే ఎండ మొహం కూడా చూడవు. నర్సువి నీకు చెప్పాలా, చలికాలమంతా విటమిన్ డి రోజుకి 10 మైక్రోగ్రాములు వేస్కో. గుంటూరులో స్వెట్టర్లు కొని సూట్‌కేస్ నింపకు, థర్మల్స్ రెండు జతలు తెచ్చుకుంటే చాలు, వాటర్‌ప్రూఫ్ కోటు ఇక్కడే కొందాం. గొడుగు మాత్రం వద్దు, ఆ గాలికి ఒక్క రోజులో తిరగబడిపోతుంది. రోడ్డు మీద పల్చగా గడ్డకట్టే మంచుపొర, బ్లాక్ ఐస్ అంటారు, కంటికి కనపడదు, పట్టున్న బూట్లు వేసుకుని చిన్న చిన్న అడుగులు వేస్తూ నడువు.

ఇల్లు విషయంలో మాత్రం నా మాట వినాలి. కార్లైల్‌లో ఈడెన్, కాల్డ్యూ, పెటెరిల్ అని మూడు నదులు కలుస్తాయి. 2005 జనవరిలో ఊరు మునిగింది, మళ్ళీ 2015 డిసెంబర్‌లో డెస్మండ్ తుఫాను వచ్చినప్పుడు హానిస్టర్ కనుమ దగ్గర 24 గంటల్లో 341 మిల్లీమీటర్లు పడింది, ఆ తుఫానుకే ఊరు మళ్ళీ మునిగింది. రెంట్ తక్కువ, ఏటి ఒడ్డు, వ్యూ బాగుంది అని ఎవరన్నా గ్రౌండ్ ఫ్లోర్ చూపిస్తే సరే అనకు. గవర్నమెంట్ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఆ ఇంటికి వరద రిస్క్ ఎంతో చెప్తుంది, అది చూశాకే అడ్వాన్స్ ఇవ్వు. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వాళ్ళ ఫ్లడ్ మెసేజ్‌లు ఫ్రీ, నంబర్ ఎక్కించుకో. ఇంకోటి, చెమ్మ. మనవాళ్ళు తలుపులన్నీ బిగించుకుని, హీటర్ మీద బట్టలారేసి, కుక్కర్ పెట్టి, ఆ తర్వాత గోడకి బూజు పట్టిందని ఓనర్‌తో గొడవ పడతారు. వంట చేసేటప్పుడు ఫ్యాన్ వెయ్యి, రోజూ కాసేపు కిటికీ తీసి ఉంచు, చలేసినా సరే.

ఫిబ్రవరి, మార్చిలో అప్పుడప్పుడు గాలి తిరిగి తూర్పు నుంచి కొడుతుంది, అప్పుడు లెక్కంతా తలకిందులు. 2018లో వచ్చిన ఆ మంచుగాలి, బీస్ట్ ఫ్రం ది ఈస్ట్ అన్నారే, అలాంటప్పుడు కెంట్, నార్ఫోక్, నార్తంబర్‌లాండ్ లాంటి తూర్పు కౌంటీలకే దెబ్బ ముందు తగిలేది, మీకు పెన్నైన్ కొండలు కాస్త అడ్డం. మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకి జరుగుతుంది, ఆ వారం డ్యూటీ టైం రెండుసార్లు చూస్కో.

ఇక అక్కా బావా ఎప్పుడు రావాలనేది. అందరూ జులై, ఆగస్ట్ అంటారు, నేనైతే వద్దంటా. కంబ్రియాలో ఏప్రిల్ నుంచి జూన్ దాకానే వాన తక్కువ, జులై నుంచి మళ్ళీ పెరుగుతుంది, పైగా స్కూలు సెలవులు కదా టికెట్లు మండిపోతాయి. ఎండ సంగతి కూడా తేలిగ్గా తీస్కోకు, 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు కొట్టింది. మనకి 40 ఏం లెక్క అంటావు, కానీ ఇక్కడ ఇళ్ళు వేడిని పట్టి ఉంచేలా కట్టినవి, ఏసీ ఉండదు, పట్టాలు వేడెక్కితే రైళ్ళు కూడా నెమ్మదిగా నడుపుతారు. మే, జూన్‌లో అయితే మీ దగ్గర రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురే, అక్కకి అన్నం తినబుద్ధి కాదు, అది వేరే సంగతి. తూర్పు తీరాన ఉన్న విట్బీ వైపు తిప్పాలంటే ముందు సముద్రపు పొగమంచు చూస్కో, యార్క్‌లో ఎండ కాస్తుంటే అక్కడ బీచ్ కూడా కనపడకుండా కమ్మేస్తుంది, దాన్ని ఫ్రెట్ అంటారు. బావకి తుమ్ములు కదా, జూన్‌లో గడ్డి పుప్పొడి ఎక్కువ, మాత్రలు తెచ్చుకోమను. స్వెట్టర్ కూడా. నమ్మకపోతే ఆ క్రికెట్ పిచ్చాయనకి చెప్పు, 1975 జూన్ 2న డెర్బీషైర్‌లోని బక్స్‌టన్‌లో మంచు పడి కౌంటీ మ్యాచ్ ఆపేశారని.

సెప్టెంబర్ బానే ఉంటుంది. అక్టోబర్ నుంచి ఆకులు రాలి పట్టాలు జారుడుగా ఉండి రైళ్ళు లేటవుతాయి, పేర్లు పెట్టిన తుఫాన్లు కూడా మొదలవుతాయి. వాతావరణ శాఖ వాళ్ళ యాంబర్ వార్నింగ్ ఉన్న రోజు షాపింగని బయల్దేరకు, రెడ్ అయితే ఇంట్లోనే ఉండు, డ్యూటీ ఉంటే ముందు వార్డుకి ఫోన్ చేసి కనుక్కో.

అక్క ఆవకాయ పెట్టకుండా కదలదని నాకు తెలుసు, అది ఎలాగూ మే మొదట్లో అయిపోతుంది, కాబట్టి మే మూడో వారానికి టికెట్లు చూడమను, వీసాకి మాత్రం ఫిబ్రవరిలోనే కాగితాలు సర్దుకోమను.

మీ మామయ్య