'డాగ్ సోల్జర్స్'లో తోడేలు మనుషులు గ్రాఫిక్సా?

కాదు, 2002లో నీల్ మార్షల్ తీసిన ఈ బ్రిటిష్ హారర్ సినిమాలో కనిపించేవి సూట్లు తొడుక్కున్న మనుషులే. బడ్జెట్ తక్కువ. చవకగా చేయించిన గ్రాఫిక్స్ ఇట్టే తేలిపోతాయి. అదే బొచ్చు సూటైతే నటుల ఎదురుగా నిజంగా నిలబడుతుంది, గదిలోని వెలుగూ నీడా దాని మీద పడతాయి, ఎదుటివాళ్ల భయం కూడా నమ్మేలా ఉంటుంది. కెప్టెన్ రయన్ మారే సీనే చూడండి: బల్ల చాటుకు ఒరిగిపోతాడు, పైకి లేచేసరికి తోడేలు. ఎంత తెలివైన పని! తోడేళ్లు అంత పొడుగ్గా, సన్నగా ఉన్నాయి కాబట్టి కంప్యూటర్‌లో చేసినవేనని పొరబడే అవకాశం ఉంది. నిజానికి ఆ సూట్లలో ఉన్నది డాన్సర్లు. కాళ్లకు మరకాళ్లు కట్టుకుని, ఒళ్లు అదుపులో పెట్టుకుని నడిచారు.