బ్యాంకు కొలువు వదిలి బడిలో చేరాలా?

ప్రశ్న: నా వయసు 34. ప్రభుత్వ రంగ బ్యాంకులో పీఓగా (ప్రొబేషనరీ ఆఫీసర్) చేరి 9 ఏళ్ల 4 నెలలైంది. ఇప్పుడు స్కేల్-2 ఆఫీసర్‌ని. విజయనగరం జిల్లాలో ఒక పల్లె బ్రాంచిలో పని. మా ఆయన, ఆరేళ్ల బాబు, మా అమ్మ హైదరాబాద్‌లో మా సొంత ఫ్లాట్‌లో ఉంటారు. నెలకు రెండుసార్లు వెళ్లి వస్తాను. అందరూ బంగారం లాంటి ఉద్యోగం అంటారు. నాకు మాత్రం పొద్దున్నే బ్రాంచి షట్టర్ చూస్తేనే టెన్షన్. పంట రుణం రెన్యువల్‌కి వచ్చిన రైతుకి పాలసీ అంటగట్టాలి. మార్చిలో టార్గెట్ నిండక నా పేరు మీదే రెండు పాలసీలు తీసుకున్నాను, ఏడాదికి 96 వేలు కట్టాలి. బ్యాంకుకి ముందు ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేశాను. హైదరాబాద్‌లో ఒక స్కూలు నెలకు 42 వేలకు జూన్‌లో చేరమంటోంది. కటింగులన్నీ పోను నాకు 78 వేలు, మా ఆయనకు 68 వేలు వస్తాయి. ఖర్చులు 74 వేలు, అందులో 20 వేలు నా ఊరి కాపురానికి, ప్రయాణాలకు. స్టాఫ్ హౌసింగ్ లోన్ అసలు 36 లక్షలుంది, నెలకు 21 వేలు జీతంలోనే కట్ అవుతుంది. 20 వేల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది), 20 వేల చీటీ ఉన్నాయి. మానేయమంటారా? మా ఆయన ‘నీ ఇష్టం’ అంటున్నారు.
– పేరు వద్దన్నారు

జవాబు: ఈ జూన్‌కి వద్దు. వచ్చే ఏడాది జూన్‌కైతే, మధ్యలో కొన్ని పనులు చేసుకుంటే, నిక్షేపంగా మానేయొచ్చు. ఏడాది ఆగమనడం ఎందుకో చెప్తాను.

ముందు ఒక మాట. మీరు ఈ ఉత్తరం మార్చిలో రాశారు. బ్యాంకులో పనిచేసేవాళ్లెవరైనా మార్చిలో రాజీనామా గురించి ఆలోచిస్తారు. ఒకపక్క ఎన్‌పీఏల (మొండి బాకీల) రికవరీ, ఒకపక్క డ్వాక్రా గ్రూపుల టార్గెట్, రాత్రి తొమ్మిదికి రీజనల్ ఆఫీసు వీడియో కాన్ఫరెన్సు. కాబట్టి ఉత్తరాన్ని దాచుకుని మే నెలలో మళ్లీ చదవండి. అప్పటికీ అంతే మంటగా ఉంటే అది మార్చి కోపం కాదన్నట్టే.

మీ బాధలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. బాబుకి దూరంగా ఉండటం పోస్టింగ్ సమస్య. అక్కర్లేనివాళ్లకి పాలసీలు అమ్మడం బ్యాంకు ఇప్పుడు నడుస్తున్న తీరుతో సమస్య. లెక్కలు చెప్పాలన్న కోరిక పూర్తిగా మీ సొంతం, బ్యాంకు బాగున్నా అది పోదు. మొదటిది బదిలీతో తీరే అవకాశం ఉంది. దానికి ఉద్యోగాన్నే మూల్యంగా చెల్లించే ముందు ఆ దారి చూడాలి. బదిలీకి అప్లై చేశానని మీరెక్కడా రాయలేదు. చేసి ఉంటే ఏ తేదీన, ఏ జవాబు వచ్చిందో రాయండి. 2024 నవంబరులో కేంద్ర ఆర్థిక సేవల విభాగం బ్యాంకులకు బదిలీల విధానాన్ని సరిదిద్దమని చెప్పింది. మహిళా ఉద్యోగుల ఇబ్బందులు, భార్యాభర్తలు ఒకేచోట ఉండటం వంటివి లెక్కలోకి తీసుకోమంది. దరఖాస్తులో ఆ ప్రస్తావన తెచ్చి, మీ ఆయన ఉద్యోగ ధ్రువపత్రం, బాబు స్కూల్ సర్టిఫికెట్, అమ్మగారి వైద్యం కాగితాలు జతచేయండి. నోటిమాటగా మేనేజర్‌తో అనడం దరఖాస్తు కిందికి రాదు.

ఇక డబ్బు. ‘78 వేలు వదిలి 42 వేలకు పోతున్నాను, 36 వేలు తగ్గుతుంది’ అని మీరు మనసులో లెక్కేసుకున్నారనిపిస్తోంది. అసలు తేడా స్టాఫ్ లోన్‌లో ఉంది. మీకు బ్యాంకు మామూలు వడ్డీ వేస్తోంది, చక్రవడ్డీ కాదు. పైగా ముందు అసలు కట్టించుకుని వడ్డీని పక్కన పెడుతోంది. మీ పే స్లిప్‌లో 21 వేలు కట్ అవుతున్నా, పక్కన పేరుకున్న వడ్డీ ఒకటి ఉంటుంది. లోన్ తీసుకుని రెండేళ్లైతే, 6 శాతం అనుకుంటే అది సుమారు 4.5 లక్షలు. లోన్ ఖాతా స్టేట్‌మెంట్ తీసి చూడండి, చాలామంది స్టాఫ్ ఆ గడి వైపు కన్నెత్తి కూడా చూడరు. రాజీనామా చేసిన రోజు ఆ రాయితీ పోతుంది. అసలు, వడ్డీ కలిపి 40.5 లక్షలు మామూలు ఖాతాదారుల రేటుకు మారుతుంది, లేదా ఇంకో బ్యాంకుకు మార్చుకోవాలి. 20 ఏళ్లకు 8 శాతం వేసి చూశాను. ఇంతకంటే తక్కువకే దొరకొచ్చు, కానీ రేట్లు పెరిగినా తట్టుకునేలా ఉండాలి కదా. ఈఎంఐ దాదాపు 33,900 వస్తుంది. ఇప్పటి 21 వేలకు ఇది 12,900 ఎక్కువ. స్టాఫ్ లోన్ రాయితీని జీతంలో కలిసే సౌకర్యంగానే చూడాలని 2024 మేలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది, పన్ను కేసులో. మీరు వదులుకునే జీతంలో ఈ భాగం మీకు కనబడటం లేదు.

కనబడనివి ఇంకా ఉన్నాయి. ఎన్‌పీఎస్‌లో, అంటే మీ పింఛను ఖాతాలో, బ్యాంకు తరఫున పడే 14 శాతం, మీ మూలవేతనం, డీఏ కలిపి 90 వేలనుకుంటే నెలకు 12,600. అది ఆగిపోతుంది. ఇప్పటిదాకా జమైనదాన్ని మాత్రం కదపకండి. ఆ ఖాతా నంబరు (ప్రాన్) జీవితాంతం మీదే. రాజీనామాతోపాటే మూసేస్తే చిన్న మొత్తమైతే తప్ప 80 శాతం యాన్యుటీకి (నెలనెలా పింఛనిచ్చే పాలసీకి) పోతుంది, చేతికొచ్చేది 20 శాతమే. స్కూలుకి వెళ్లాక నెలకు వెయ్యి వేసుకున్నా ఖాతా నడుస్తుంది.

బ్యాంకు మెడికల్ పాలసీలో మీతోపాటు అమ్మగారు కూడా ఉంటే, ఆవిడకు షుగర్, బీపీ లాంటివి ఏవైనా ఉన్నాయా? ఉంటే రాజీనామాకి ముందే సొంత పాలసీ తీసుకోవాలి. ముందునుంచి ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఆ గడువు మీరు బ్యాంకులో ఉండగానే నడవనివ్వండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు కాబట్టి ఈ ఖర్చు కొంత తగ్గింది. నెలకు 4 వేలు అనుకుందాం.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. ఇవాళ ఇంటికి 1.46 లక్షలొస్తే 74 వేలు ఖర్చు, 72 వేలు మిగులు. రేపు మీ 42, ఆయన 68 కలిపి 1.10 లక్షలు. అందులో ఈఎంఐ తీస్తే 76,100. రెండో కాపురం ఎత్తేస్తే ఖర్చు 54 వేలకు దిగుతుంది, మెడికల్ పాలసీతో 58 వేలు. 18 వేల చిల్లర మిగులుతుంది. అంటే ఇల్లు గడుస్తుంది. రోడ్డున పడే పరిస్థితేమీ లేదు. కాకపోతే ఆయన కంపెనీలో ఒక్క నెల జీతం ఆలస్యమైనా ఈఎంఐ తప్పుతుంది. ‘నీ ఇష్టం’ అన్న మనిషి మీద ఆ బరువంతా పడుతుంది. ఆయనతో కూర్చుని ఈ అంకెలు కాగితం మీద పెట్టండి. అప్పుడు కూడా ‘నీ ఇష్టం’ అంటే నమ్మొచ్చు.

ఏడాది ఆగమనడానికి అసలు కారణం గ్రాట్యుటీ, ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు. మూడు నెలల నోటీసు ఇచ్చి జూన్‌లో వెళ్తే మీ సర్వీసు 9 ఏళ్ల 7 నెలలు. ఆర్నెల్లు దాటితే పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు కాబట్టి చట్టప్రకారం గ్రాట్యుటీ పదేళ్లకు వస్తుంది, ఏడాదికి 90 వేలలో 26కి 15 వంతు చొప్పున సుమారు 5.2 లక్షలు. కానీ బ్యాంకు ఆఫీసర్ల సర్వీసు నిబంధనల్లో వేరే గ్రాట్యుటీ ఉంది. రాజీనామా చేసేవాళ్లకు పదేళ్లు నిజంగా నిండితే ఏడాదికి ఒక నెల మూలవేతనం. మీ మూలవేతనం 72 వేలైతే 7.2 లక్షలు. రెండిట్లో ఎక్కువ ఏదైతే అది తీసుకోవచ్చు. ఇంకో ఎనిమిది నెలలు ఆగితే రెండు లక్షల తేడా. అందులో కొంత పన్నుకు పోతుంది, అయినా ఆరున్నర లక్షలకు తగ్గదు. మీ బ్యాంకు నిబంధనల పుస్తకంలో గ్రాట్యుటీ సెక్షన్ ఒకసారి చదివి నాకు రాయండి.

ఈ ఏడాదిలో చేయాల్సింది ఇది. చీటీ ఇంకా ఎన్ని నెలలుందో రాయలేదు. సంవత్సరంలోపే అయిపోయేదైతే పాట పాడకండి, చివరిదాకా ఉంచండి. ఐదు లక్షల చీటీ అయితే కమీషన్ పోను నాలుగు లక్షల డెబ్బై వేల దాకా వస్తుంది. మీ పేరు మీద తీసుకున్న పాలసీలకు వచ్చే ప్రీమియం కట్టే ముందు సరెండర్ విలువ (మధ్యలో ఆపేస్తే వెనక్కొచ్చే డబ్బు) ఎంతో రాతపూర్వకంగా అడగండి. 2024 అక్టోబరు నుంచి అమలైన నిబంధనల వల్ల మొదటి ఏడాది పూర్తయితే కొంత వెనక్కొస్తుంది. నష్టం వస్తుంది, అది టార్గెట్‌కి కట్టిన జరిమానా అనుకోండి, ఇంకో పదిహేనేళ్లు కట్టడం కంటే నయం. వాటి బదులు మీ ఇద్దరి పేర్ల మీదా టర్మ్ పాలసీలు (మనిషి పోతేనే డబ్బిచ్చే బీమా) ముందు తీసుకుని, అవి చేతికొచ్చాకే వీటిని ఆపండి.

మిగులు 72 వేలలో చీటీ, సిప్, పాలసీలు పోగా 24 వేలు ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు. బంగారం, పెళ్లిళ్లు, ఆన్‌లైన్ అయ్యుంటుంది. ఆ 24, పాలసీల 8 కలిపితే 32 వేలు. పన్నెండు నెలలకు 3.8 లక్షలు. చీటీ డబ్బుతో కలిపి ఎనిమిదిన్నర లక్షల పైచిలుకు. అందులో ఐదున్నర లక్షలు ఆర్నెల్ల ఖర్చుకీ ఈఎంఐకీ లిక్విడ్ ఫండ్‌లోనో (కావాలన్నప్పుడు తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఎఫ్‌డీలోనో వేసి మర్చిపోండి. మిగతా మూడు లక్షలు, గ్రాట్యుటీ కలిపి లోన్‌కి కడితే అది ముప్పై లక్షల ప్రాంతానికి దిగుతుంది. ఈఎంఐ 25,500. అప్పుడు 18 వేల మిగులు 26 వేలు దాటుతుంది, సిప్ ఆపకుండా నడుస్తుంది. ఈ లెక్క కుదిరాక మీరు ఏ ఉద్యోగం చేసినా నేను అభ్యంతరం పెట్టను.

మధ్యలో బాబు దగ్గర కొన్నాళ్లు ఉండాలనిపిస్తే, చాలా ప్రభుత్వ బ్యాంకుల్లో మహిళా సిబ్బందికి ఐదేళ్ల సర్వీసు తర్వాత జీతం లేని సబాటికల్ లీవు ఉంది, మొత్తం సర్వీసులో రెండేళ్ల దాకా. హెచ్ఆర్ సర్క్యులర్ చూడండి. ఆ సెలవులో లోన్ కంతులు మీరు చేతినుంచి కట్టాలి, ఇంకోచోట ఉద్యోగం చేయకూడదు. కాబట్టి బడిలో చేరి రుచి చూడటానికి అది పనికిరాదు. రుచి చూడాలంటే ఇప్పుడున్న ఊళ్లోనే పదో తరగతి పిల్లలకు ఆదివారాలు ఉచితంగా లెక్కలు చెప్పండి. నలభై మంది అల్లరిలో గంటన్నర గడిపాక కూడా ఉత్సాహం ఉంటే, మీ కోరిక నిజమైనది.

స్కూలు వాళ్లతో జీతం గురించి ఒకటి తేల్చుకోండి. చాలా ప్రైవేటు స్కూళ్లు ఏప్రిల్, మే జీతం ఎగ్గొట్టి పది నెలలకే ఇస్తాయి. అదే జరిగితే మీ 42 వేలు సగటున 35 వేలు, మిగులు 18 నుంచి 11 వేలకు పడిపోతుంది. పన్నెండు నెలల జీతం, పీఎఫ్, బాబుకి ఫీజులో ఎంత రాయితీ, ఈ మూడూ అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసివ్వమనండి. ఈ జూన్‌కి రాలేనని చెప్పినా తప్పులేదు, మ్యాథ్స్ బాగా చెప్పేవాళ్లకు వచ్చే ఏడాది కూడా చోటు దొరుకుతుంది.