బర్రె ఎంత తింటుందో ఎవరికి తెలుసు?

"పంట, పాడి కలిపి చేసే సమీకృత వ్యవసాయంలో ఆడవాళ్లు పాల్గొంటారా? శిక్షణలకు ఎందుకు రారు?" అని అడిగారు. పాల్గొనడమేమిటండీ, దాన్ని నడిపేదే వాళ్లు. అప్పుడప్పుడు పాల్గొనేది మగవాళ్లు.

మాది చేవెళ్ల దగ్గర పల్లె. నేనుండేది హైదరాబాద్ అత్తాపూర్‌లో. కొన్నేళ్ల కింద నగరంలో ఒకచోట ఇదే విషయం మీద మూడు రోజుల శిక్షణ పెట్టారు. పాసుపుస్తకం ఉన్నవాళ్లనే రమ్మన్నారు, అంటే మా నాయనను. రెండోరోజు నేను అన్నం డబ్బా తీసుకుపోయేసరికి, "మీ బర్రె రోజుకు ఎన్ని కిలోల మేత తింటది?" అని సారు ఆయన్నే అడుగుతున్నాడు. నాయన నింపాదిగా లేచి, ఫోన్ తీసి, అమ్మకు కలిపి స్పీకర్ పెట్టాడు.

"కిలోలు ఎవరు జోకిండ్రయ్యా? పొద్దుగాల రెండు కట్టల చొప్ప, మాపటికి మోపు పచ్చిగడ్డి, కుడితిల మానెడు తవుడు. ఈనేటిది గదా, తవుడు జర ఎక్కువేస్తున్న. ఎందుకు, అమ్ముతున్నవా ఏంది?"

హాలంతా నవ్వులు. సారు మాత్రం రాసుకున్నాడు. సర్టిఫికెట్, సంచీ నాయనకే ఇచ్చారు. ఆ సంచీలో ఇప్పుడు అమ్మ మెహదీపట్నం రైతుబజారుకు కొత్తిమీర తెస్తోంది.

పొద్దున, సాయంత్రం పాలు పిండాల్సిన మనిషి మూడు రోజులు ఊరొదిలి ఎలా వస్తుంది? రెండు పూటల పాలకు మధ్య, ఊళ్లోనే పెట్టండి, వస్తారు. ముదిరిన పాలకూర బర్రెకు, పెండ పెంటకుప్పకు, కుప్ప మళ్లీ చేనుకు. పుస్తకాల్లో బాణం గుర్తులేసి చూపించే ఈ చక్రమంతా అమ్మ నెత్తిమీద గంపలోనే తిరుగుతుంది.

దూరమెందుకు, పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డుకు పోయి చూడండి. నగరం బర్రెలకు పోయే పారాగడ్డి పొలాల్లో వంగి ఉన్నది ఎవరో తెలుస్తుంది. కాగితం మీదేమో వేరే లెక్క. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తమ్మీద ఆడవాళ్ల చేతిలో ఉన్న కమతాలు వందకు 14 కూడా లేవు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడూ డబ్బు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లకే పడింది. మా ఇంట్లో పాల బిల్లు కూడా నాయన ఖాతాకే.

మొన్న పండక్కి పోయినప్పుడు అరెకరం అమ్మ పేరున రాయమన్నాను. "అంతా ఆమెదేనాయె, మళ్ల రాసుడెందుకు" అన్నాడు. మరి పాల బిల్లో అంటే, బర్రెకు నీళ్లు పెట్టాలని లేచిపోయాడు. ఆయన బర్రెకు నీళ్లు పెట్టడం నేను చూసింది అదే మొదటిసారి.