పాత వీటీవీఎంకి, స్కోపుకి ప్రోబ్ కేబుల్ సొంతంగా చేసుకోవచ్చా?

మీరడిగింది ఇదీ: మామగారి పాత వీటీవీఎం (వ్యాక్యూమ్ ట్యూబ్ వోల్ట్‌మీటర్) ఒకటి, 20 మెగాహెర్ట్జ్ స్కోపు (సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్) ఒకటి మీ చేతికొచ్చాయి. రెండింటికీ కేబుళ్లు లేవు. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో మీటర్ల లెక్కన ఆర్‌జీ-58 కోయాక్స్ (నడిమి తీగ చుట్టూ రాగి జాలీ షీల్డ్ ఉండే కేబుల్) కొనుక్కొచ్చి ప్లగ్గులు టంకం పెడితే పనైపోతుందా అని.

వీటీవీఎంకి చేసుకోవచ్చు, ఒక సాయంత్రం పని. స్కోపుకి మాత్రం వద్దు. రెండు చోట్లా దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

నా వీటీవీఎం ఇక్కడే బెంగళూరులో, ఆదివారం చోర్ బజార్లో దొరికింది. కేబులూ లేదు, వెనక మూతా లేదు. మీటరున్నర మైకు కేబుల్ తీసుకుని ఒక చివర జాక్ వేశాను, రెండో చివర రెనాల్డ్స్ పెన్ను గొట్టంలో లావు సూది దూర్చాను. చూడ్డానికి ముద్దుగానే ఉంది. కొత్త 9 వోల్టుల బ్యాటరీ మీద పెడితే డిజిటల్ మీటర్ 9.2 అంటోంది, ఇది 10.1 అంటోంది. పాతది కదా, క్యాలిబ్రేషన్ జారి ఉంటుందనుకుని లోపలి ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే సర్దుబాటు) తిప్పి ముల్లును 9.2 మీదికి దించేశాను. నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

వారం తర్వాత ఒక వాల్వ్ రేడియో పట్టాను. లోకల్ ఆసిలేటర్ (స్టేషన్ పట్టడానికి రేడియో లోపలే సిగ్నల్ పుట్టించే భాగం) వాల్వ్ గ్రిడ్ మీద నెగటివ్ వోల్టేజి ఉందా అని ప్రోబ్ ఆనించగానే పాడుతున్న స్టేషన్ ఠక్కున ఆగిపోయింది. తీస్తే వచ్చింది. ఆనిస్తే పోయింది. వాల్వ్ మీదే అనుమానం వచ్చి రెండు మార్చి చూశాను, అదే తంతు. మా ఎదురింటి పెద్దాయనది హిందూపురం వైపు, కుర్రతనంలో రేడియోలు బాగుచేసేవారు. వచ్చి చూసి ఒకే మాట అడిగారు: "ఏమప్పా, మొనలో ఒక మెగ్ పెట్టినావా లేదా?"

పెట్టలేదు. ఆయనన్నది ఒక మెగ్‌ఓమ్ రెసిస్టర్. ఇలాంటి మీటర్లలో చాలావాటికి ఇన్‌పుట్ 11 మెగ్‌ఓమ్‌లు అని ఉంటుంది. అందులో 10 మెగ్‌లు పెట్టె లోపల ఉంటే, మిగతా ఒకటి ప్రోబ్ మొనలోనే ఉంటుంది. ఆ ఒక్కటి లేకపోతే డీసీ రీడింగులన్నీ పది శాతం ఎక్కువ చూపిస్తాయి. నా 10.1 సంగతి అదే, క్యాలిబ్రేషన్ తప్పేమీ లేదు. పైగా మీటరున్నర షీల్డ్ కేబుల్ అంటే వందకు పైగా పికోఫారాడ్‌లు. అంత కెపాసిటెన్స్ నేరుగా గ్రిడ్‌కి వేలాడదీస్తే ఆసిలేటర్ ఏం బతుకుతుంది? మొనలో ఒక మెగ్ అడ్డం ఉంటే కేబుల్ బరువు సర్క్యూట్ మీద పడదు. రెసిస్టర్ మొనకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. జాక్ వైపు పెడితే రీడింగ్ సరిగ్గానే వస్తుంది గానీ స్టేషన్ మళ్లీ పోతుంది.

ఇక తయారీ. ఆర్‌జీ-58 ఐదు మిల్లీమీటర్ల లావు, మొండిది, ప్రోబ్‌ను పక్కకు లాగేస్తుంది. 2.8 మిల్లీమీటర్ల ఆర్‌జీ-174 గానీ, మంచి షీల్డ్ ఉన్న మైకు కేబుల్ గానీ హాయి. రాగి జాలీని పురివేసి చటుక్కున టంకం పెట్టి ఐరన్ తీసేయండి. ఎక్కువసేపు కాలిస్తే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి, నడిమి తీగ జాలీ వైపు జరిగి ముట్టుకుంటుంది. రెసిస్టర్‌కి వాట్ల కంటే వోల్టులు చూడాలి. మామూలు పావు వాట్‌ది 250 వోల్టుల దాకానే. వాల్వ్ సెట్లలో హెచ్‌టీ (వాల్వ్‌లకిచ్చే హై వోల్టేజి) అంతకు మించొచ్చు కాబట్టి 510 కిలో ఓమ్‌లవి రెండు వరుసగా వేశాను, తేడా ముల్లు మీద తెలియదు. పెన్ను గొట్టం సరదా ఆ రోజుతోనే మానేశాను. హెచ్‌టీ ముట్టుకునే ప్రోబ్‌కి అసలైన ఇన్సులేటెడ్ బాడీయే కావాలి. ఓమ్స్, ఏసీ కొలిచేటప్పుడు మాత్రం ఆ మెగ్ అడ్డు రాకూడదు. అందుకే కంపెనీ ప్రోబ్‌ల మీద చిన్న స్విచ్ ఉండేది. నేను ఓమ్స్‌కి వేరే తీగ పెట్టుకున్నా.

కనెక్టర్ దగ్గరే అసలు తిరుగుడు. మీదానికి 6.35 మిల్లీమీటర్ల మోనో జాక్ అయితే అదృష్టవంతులు, మైక్‌సెట్ల షాపులో దొరుకుతుంది. మరలుండే ఒంటి పిన్ను రకమైతే ఎస్పీ రోడ్‌లో పాత డబ్బాలు వెతికించాలి. ముందు ప్యానెల్‌కి కొత్త కన్నం మాత్రం వేయకండి, బాబోయ్.

స్కోపు సంగతి. 10ఎక్స్ ప్రోబ్ (సిగ్నల్‌ను పదో వంతుకు తగ్గించి స్కోపుకిచ్చేది) కేబుల్ నడిమి తీగ రాగి కాదు. వెంట్రుకంత సన్నగా ఉండే రెసిస్టెన్స్ తీగ, కావాలనే అలా పెడతారు. వేగంగా లేచే సిగ్నల్ కేబుల్‌లో అటూ ఇటూ తన్నుకుని స్క్రీన్ మీద అలలు లేపకుండా అది అణిచేస్తుంది. ఆ తీగ తెగిన ప్రోబ్ ఒకటి అతుకుదామని కూర్చున్నాను. టంకం బొట్టు కట్టి జారిపోయిందే తప్ప అంటలేదు. దాని బదులు మామూలు కోయాక్స్ వేస్తే ఆ అణిచే గుణం పోతుంది. అదీగాక మొన నుంచి నేరుగా తీగ లాగితే అది 1ఎక్స్ (ఏమీ తగ్గించని) ప్రోబే. మీటరు ఆర్‌జీ-174కి 100 పికోఫారాడ్, స్కోపుది ఇంకో 20 అనుకుంటే, 1 మెగాహెర్ట్జ్ దగ్గర మీ సర్క్యూట్‌కి 1,300 ఓమ్‌ల లోడ్ తగిలించినట్టే. స్కోపు మీద బీఎన్‌సీ (తిప్పి బిగించే గుండ్రటి కనెక్టర్) ఉంటే కొత్త 10ఎక్స్ ప్రోబ్ కొనేయండి. ఒక్కటే చూడాలి: జాక్ పక్కన రాసి ఉన్న పికోఫారాడ్ అంకె, ప్రోబ్ కాంపెన్సేషన్ (స్కోపు కెపాసిటెన్స్‌కి తగ్గట్టు సర్దుకునే) పరిధిలో ఉండాలి.

వీటీవీఎంకి రెసిస్టర్ కొనే ముందు ఒక పని చేయండి. పవర్ తీసేసి, డీసీ రేంజ్‌లో పెట్టి, జాక్ నడిమి పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య డిజిటల్ మీటర్‌తో కొలవండి. 10 మెగ్‌ల చుట్టూ వస్తే మొనలో ఒక మెగ్ కావాలి. 11 వస్తే అది లోపలే ఉన్నట్టు. వచ్చిన అంకె, మోడల్ నంబర్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతా. అప్పటిదాకా లోపలి ప్రీసెట్ జోలికి పోకండి. నాది తిరిగి దారిలోకి తెచ్చేసరికి ఒక ఆదివారం పోయింది.